గరుకమ్మ చేయి, పది బల్లలు

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ వడ్రంగి కార్ఖానాలో దాన్ని పలికినవారు మాత్రం లేరు. ఇరవయ్యారేళ్ళుగా ఆమె నోటి వెంట అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మాట 'గరుకు' కనుక, ఆమె గరుకమ్మ అయింది. మొదట్లో చాటుగా అనేవారు. తరువాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె అభ్యంతరం చెప్పలేదు, సంతోషించనూ లేదు.

ఆమె చేసేది చూసేవారికి పనిలా కనిపించదు. రుద్దుడు గదిలో గరుకు కాగితంతో నున్నన చేసిన బల్లపలకను తెచ్చి ఆమె ముందు పెడతారు. ఆమె కళ్ళు మూసుకుని, కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు కలిపి, చెక్క చారల వెంట ఒకసారి, చారలకు అడ్డంగా ఒకసారి పలక మీద నడిపిస్తుంది. తగిలిన చోట కళ్ళు తెరవకుండానే సుద్దతో సున్నా చుడుతుంది. సున్నాలున్న పలక రుద్దుడు గదికి తిరిగి పోతుంది. ఎక్కడా ఏమీ తగలకపోతే పలకను తిరగవేయించి, అడుగున ఒక గీత గీస్తుంది. ఆ కార్ఖానాలో 'బాగుంది' అనే మాట ఎవరూ అనరు. ఆ గీతే ఆ మాట.

ఒకరి చేతి నుంచి వరుసగా పది పలకలు సున్నా పడకుండా వెళితే, ఆ మనిషిని రుద్దుడు గది నుంచి పాలిష్ గదికి మారుస్తారు. మధ్యలో ఒక్క సున్నా పడినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. రుద్దుడు గదికి ఒకే కిటికీ. గాలిలో ఎప్పుడూ చెక్కపొడి తేలుతూ ఉంటుంది. పాలిష్ గదికి నాలుగు కిటికీలు, దుమ్ము అనేది ఉండకూడని గది అది. ఇరవయ్యారేళ్ళలో ఆ గడప దాటినవారు నలుగురు.

గరుకమ్మ భర్తకు చెల్లెలు రుద్దుడు గదిలో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. మూడేళ్ళుగా దగ్గుతోంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఆమె వరుస మూడు దాటలేదు. సున్నాలు చుట్టిన వదిన, వాటిని మళ్ళీ రుద్దిన ఆడపడుచు సాయంత్రం ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్ళేవారు. కార్ఖానా సంగతి బస్సులో ఎత్తేవారు కాదు. ఒక్కోసారి మాత్రం ఆడపడుచు కిటికీలోకి చూస్తూ, మా అన్నయ్య ముఖాన్ని కూడా ఇలాగే తడిమి చూసి చేసుకున్నావా, అప్పుడెందుకు సున్నా చుట్టలేదు అని అడిగేది. చుట్టాను, మీ అమ్మగారు వెనక్కి తీసుకోలేదు అని వదిన జవాబు.

నునుపును గురించి ఒక మాట చెప్పుకోవాలి. గరుకుతనం వేలికి తగులుతుంది. నునుపు తగలదు. ఏదీ అడ్డు రాకపోవడాన్నే వేలు నునుపుగా ఎంచుతుంది. అంటే నునుపును కనిపెట్టే చేయి నిజానికి ఒక లేమిని కనిపెడుతోంది. ఆ లేమి చెక్కలో ఉందో, తనలోనే ఉందో తేల్చడానికి చేతికి మరొక చేయి లేదు. గరుకమ్మ జీవితంలో జరిగిన పొరపాటు ఇదే. ఆ పొరపాటు చేయడానికి కూడా ఇరవయ్యారేళ్ళ నైపుణ్యం కావలసి వచ్చింది.

సున్నాలు తగ్గడం ఎప్పుడు మొదలైందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పలకకు ఆరేడు పడేవి, నాలుగయ్యాయి. నాలుగు రెండయ్యాయి. గరుకమ్మ వయసుతో పాటు నున్నబడిందని రుద్దుడు గదిలో నవ్వుకున్నారు. వెనక్కి తిరిగే పలకలు తగ్గి పని జోరందుకుందని యజమాని తృప్తి పడ్డాడు. ఇన్నేళ్ళు తిట్టించుకున్నందుకు వీళ్ళకు ఎట్టకేలకు పని పట్టుబడిందని గరుకమ్మ అనుకుంది. పొగడ్త ఆమెకు చేతకాని విద్య. అయినా ఆ నెలల్లో ఇంటికి వెళుతూ, తన పని ఊరికే పోలేదన్న ఒక నిదానమైన తృప్తిని ఆమె మోసుకెళ్ళేది. చేయి తిమ్మిరెక్కడం, పొద్దున్నే విదిలిస్తేగాని దారికి రాకపోవడం ఆమె గమనించకపోలేదు. పని చేసే చేతులన్నీ అలాగే ఉంటాయనుకుంది.

ఆ రోజుల్లోనే గ్రంథాలయానికి పది చదువు బల్లలు కావాలని ఆర్డరు వచ్చింది. పదింటినీ ఆడపడుచుకే అప్పగించారు. రెండు రోజులకొకటి చొప్పున పది పలకలు గరుకమ్మ ముందుకు వచ్చాయి. పదింటి అడుగునా పది గీతలు పడ్డాయి. పదో గీత పడిన రోజు గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఆడపడుచు ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి, ఏమీ మాట్లాడకుండా పాలిష్ గదిలోకి వెళ్ళింది. ఆనందం ఎక్కువై నోట మాట రాలేదని చుట్టూ ఉన్నవాళ్ళు అర్థం చెప్పుకున్నారు. నెల తిరిగేసరికి ఆమె దగ్గు సగానికి సగం తగ్గింది.

తరువాత ఒక ఆదివారం, గరుకమ్మ ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, వేడెక్కిందో లేదో చూద్దామని ఇస్త్రీ పెట్టె అడుగున మూడు వేళ్ళు ఆనించింది. వేడి తగలలేదు. ఇంకా కాలలేదనుకుని అలాగే పట్టుకుంది. పేపరు చదువుకుంటున్న భర్త, బస్సు కండక్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి, ఏదో కమురు వాసన వస్తోందని తలెత్తి చూసి, లేచి వచ్చి ఆమె చేతిని లాగేశాడు. వేళ్ళ కొసలు తెల్లగా పొంగి ఉన్నాయి. ఆమె వాటిని మరొకరి వేళ్ళలా చూసింది.

మర్నాడు అందరికన్నా ముందు కార్ఖానాకు వెళ్ళింది. రంపం కింద నుంచి అప్పుడే వచ్చిన, ఇంకా ఎవరూ ముట్టని పలక ఒకటి గోడకు ఆనించి ఉంది. కాలిన వేళ్ళకు కట్టు ఉంది కనుక కట్టు లేని బొటనవేలిని దాని మీద నడిపించింది. కళ్ళు మూసుకుంది. పలక నున్నగా ఉంది. కళ్ళు తెరిచింది. రంపపు పళ్ళ గీతలు వరసగా, పొద్దుటి వెలుతురులో ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి. చిటికెన వేలితో తడిమింది. ఆ వేలికి ఏదో తెలుస్తోంది, కానీ ఏం తెలుస్తోందో చెప్పలేకపోయింది. ఇరవయ్యారేళ్ళలో ఆ వేలికి ఎవరూ చదువు చెప్పలేదు.

ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన చేతిని గురించి కాదు, గ్రంథాలయంలోని పది బల్లలను గురించి.

చేతుల డాక్టరు గది ముందు బెంచీ మీద ఆ రోజు ఆమెతో పాటు ఇద్దరున్నారు. ఒకడు లారీ డ్రైవరు. కుడి మోచేతి బయటి వైపు ముడి దగ్గర నొప్పి పట్టుకుని, టీ గ్లాసు ఎత్తడానికి కూడా ఎడమచేతిని పిలవవలసి వస్తోంది. రెండోవాడు దర్జీ. ఉంగరపు వేలు మడిస్తే ముడుచుకునే ఉండిపోతుంది, రెండో చేత్తో లాగితే టక్కున తెరుచుకుంటుంది. ఇంట్లో ఆవిడా ఇంతే, అలిగితే లాగాలి అని అతడు అందరికీ చెప్పి చూపిస్తున్నాడు. ఈ వేలికైతే ఆపరేషను ఉందట, ఆవిడకు లేదట. డ్రైవరు నవ్వాడు. గరుకమ్మ నవ్వలేదు. దర్జీ వేసుకున్న చొక్కా కుట్టును చూస్తూ కూర్చుంది. కుట్టు తిన్నగా ఉంది.

డాక్టరు ఆమె మణికట్టు మీద వేలితో తట్టి, వేళ్ళలోకి ఏమైనా పాకుతోందా అని అడిగింది. రెండు చేతులూ వంచి ఒక నిమిషం ఉంచమంది. బొటనవేలి కింది కండ పల్లంగా దిగిపోయి ఉండటాన్ని తన వేలితో నొక్కి చూపించింది. తరువాత నరాల పరీక్ష చేయించింది. చిన్న కరెంటు మణికట్టు దాకా చురుగ్గా వచ్చి, అక్కడ నెమ్మదించి, వేళ్ళకు సగం సగమే అందుతోందని కాగితం మీది వంకర గీతలు చెప్పాయి.

మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఒక ఇరుకు దారి ఉందని, దాని పైకప్పులా ఒక గట్టి పట్టీ ఉందని, ఆ దారిలోనే వేళ్ళను ఆడించే తాళ్ళన్నిటితో పాటు స్పర్శ నరం కూడా పోతుందని డాక్టరు వివరించింది. ఏళ్ళ తరబడి ఒత్తిడితో ఆ దారి ఇంకా ఇరుకై నరం నలిగిపోయింది. తొందరగా వచ్చి ఉంటే మణికట్టుకు పట్టీ కట్టి, ఒక ఇంజెక్షనుతో చూసి ఉండేది. ఇప్పుడు కప్పును కోసి దారి వెడల్పు చేయడమే మిగిలింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలియట్లేదమ్మా?" అని డాక్టరు అడిగింది.

"తెలియనిది ఎన్నాళ్ళ నుంచో ఎలా తెలుస్తుందండీ" అంది గరుకమ్మ.

డాక్టరు రాస్తున్న కలం ఆపి ఆమెను చూసింది. "ఆపరేషను చిన్నదే. ఆలస్యమే పెద్దది. ఇంక పాడవకుండా ఆపగలను. పోయింది ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను."

మాట ఇవ్వని ఆ మనిషి మీద గరుకమ్మకు నమ్మకం కుదిరింది.

ఆపరేషను రోజు ఆమె మెలకువగానే ఉంది. చేతికీ ముఖానికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ ఒకటి కట్టారు. పై చేతికి బిగుతుగా పట్టీ చుట్టారు. అరచేతి మొదట్లో మత్తు సూది వేయబోతుంటే, ఇప్పటికే మొద్దుబారిన చేతికి మత్తెందుకు, దండగ కదా అంది. నర్సు నవ్వింది. అయితే మత్తు ఎక్కినదీ ఎక్కనిదీ ఆమెకు వేరుగా తెలియలేదు. గుడ్డకు అటువైపు కత్తెర కదిలే చప్పుడు మాత్రం వినిపించింది. అది గుడ్డ కత్తిరించే చప్పుడులా లేదు, అట్ట కత్తిరించే చప్పుడులా ఉంది. పావుగంటలో అయిపోయింది. ఇరవయ్యారేళ్ళు కట్టుకున్నదాన్ని పావుగంటలో విప్పారని ఆమె తరువాత భర్తతో చెప్పింది. అంతకు మించి దాని గురించి ఎప్పుడూ చెప్పలేదు.

కుట్లు పన్నెండో రోజున విప్పారు. ఆ పన్నెండు రోజులూ భర్తే జడ వేశాడు. టిక్కెట్లు చింపిన చేయి జుట్టునూ అలాగే చింపుతోందని ఆమె అంటే, కదలకుండా కూర్చోవడం తన బస్సులో కూడా ఎవరికీ చేతకాలేదని అతడు అనేవాడు. ఆడపడుచు రోజూ వచ్చి వంట చేసి వెళ్ళేది. గిన్నెలు తోమేటప్పుడు ఆమె దగ్గు కోసం గరుకమ్మ చెవి ఒగ్గి వినేది. దగ్గు వినిపించేది కాదు.

వేళ్ళను ఊరికే ఉంచకుండా మడుస్తూ, చాపుతూ ఉండమన్నారు. ఉండింది. అరచేతి మచ్చ చుట్టూ రెండు నెలలు నొప్పి. మూత తిప్పడానికి పట్టు చాలలేదు. ఆరో వారంలో ఒకరోజు ముఖం తుడుచుకుంటుంటే తువాలు బొటనవేలికి తగిలింది. అది మెత్తగా తగలలేదు, సూదుల్లా తగిలింది. తరువాత చూపుడు వేలు, ఉంగరపు వేలు మేలుకున్నాయి. నడిమి వేలు మేలుకోలేదు. మూడో నెల చివర చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు దాన్ని దూదితో, సూదితో తాకి చూసి, దీని కోసం ఎదురు చూడొద్దని చెప్పింది.

ఆ మధ్య కాలంలో పలకలను యజమాని దీపం పెట్టి కళ్ళతో చూసి పంపిస్తున్నాడు. తిరిగి రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. ముందు ఒకచోటికి వెళ్ళి రావాలని గరుకమ్మ చెప్పి పంపింది. గ్రంథాలయానికి నాతో రా అని ఆడపడుచును పిలిచింది. మొదటి వారం ఆడపడుచుకు తలనొప్పి వచ్చింది. రెండో వారం నీళ్ళు రాలేదు. మూడో వారం ఏ కారణమూ చెప్పకుండా చెప్పులు వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

పఠనశాలలో పది బల్లలు రెండు వరసలుగా ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరో ముగ్గురో చదువుకుంటున్నారు. ఏ పుస్తకం కావాలమ్మా అని గ్రంథపాలకుడు అడిగాడు. పుస్తకం వద్దండి, బల్ల కావాలి అంది గరుకమ్మ. అతడు ఏమనుకున్నాడో గాని కూర్చోమన్నాడు.

బల్లల అడుగున పాలిష్ వేయరు కనుక సుద్ద గీతలు అలాగే ఉన్నాయి. గీత పక్కన ఆడపడుచు తన గుర్తు కోసం పెన్సిలుతో వేసుకున్న అంకెలూ ఉన్నాయి. ఆమె వంగి అంకె చూసి చెబుతుంటే, గరుకమ్మ ఒకటో బల్ల దగ్గర మొదలుపెట్టింది. చదువుకునేవారు పుస్తకాలు ఎత్తి చోటు ఇచ్చారు. ఆమె కళ్ళు మూసుకుని, నడిమి వేలిని పైకి ఎత్తి పెట్టి, మిగిలిన రెండు వేళ్ళనూ నడిపించింది. పాలిష్ రంగును కప్పుతుంది, గరుకును కప్పదు. లేచిన నూగును ఇంకా గట్టిపరుస్తుంది. ఒకటో బల్ల మీద ఆరు చోట్ల వేలు ఆగింది. రెండో బల్ల మీద ఐదు చోట్ల. సుద్ద సంచిలోనే ఉంది, తీయలేదు. వేలు ఆగిన ప్రతిసారీ ఆడపడుచు తల దించుకుంది. మూడు, నాలుగు, ఐదు బల్లలూ అంతే.

ఆరో బల్ల దగ్గర ఆడపడుచు వంగి, వెంటనే లేవలేదు.

"వదినా, కింద చూడు."

గరుకమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తల కిందికి పెట్టి చూసింది. తన సుద్ద గీత తెల్లగా ఉంది. దాని చివర వేలి కొస అంత గోధుమరంగు మరక ఉంది.

"నీ రక్తమే అది. పైన చెక్క పేడు లేచి ఉంది, నీ వేలికి దిగింది. నువ్వు అలాగే చూసేసి, తిప్పించి గీత గీశావు. వేలి నుంచి కారుతోంది, నీకు తెలియలేదు. నాకు ఆ రోజే తెలిసింది."

"అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే. చెప్పలేదు." ఆడపడుచు ఇంకా కిందే కూర్చుని ఉంది. "ఆరు గీతలు పడ్డాయి వదినా. పదకొండేళ్ళలో మూడు దాటలేదు నాకు. ఇంకో నాలుగే కదా అనుకున్నాను."

గరుకమ్మకు కోపం రావలసిన చోట రాలేదు. ఆ చోటు కూడా నడిమి వేలిలాగే ఉంది. చుట్టూ అంతా తెలుస్తోంది, అక్కడ మాత్రం ఏమీ లేదు. లేచి ఏడో బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఏడో బల్ల మీద వేలు ఎక్కడా ఆగలేదు. వెనక్కి వచ్చి, అడ్డంగా మళ్ళీ చూసింది. ఆగలేదు. ఎనిమిది, తొమ్మిది కూడా అలాగే వెళ్ళాయి. ఆమె కళ్ళు తెరిచి ఆడపడుచును చూసింది.

"తప్పు పట్టేవాళ్ళు లేరని తెలిశాక భయమేసింది" అంది ఆడపడుచు. "ఇంతకుముందైతే నువ్వున్నావులే, చుడతావులే అని పంపించేదాన్ని. నా వేళ్ళు నమ్మలేను, అవీ పదకొండేళ్ళు రుద్దినవే. అందరూ వెళ్ళాక బుగ్గ ఆనించి చూసుకున్నాను, పలక అంతా."

పదో బల్ల కిటికీ పక్కన ఉంది. చూపుడు వేలు ఒక మూల దగ్గర తటపటాయించింది. అక్కడ ఏదో ఉందనిపించింది, మళ్ళీ వెళితే లేదనిపించింది. తిరిగి వచ్చిన స్పర్శను ఎంతవరకు నమ్మాలో గరుకమ్మకు ఇంకా తెలియదు. కాసేపు నిలబడి, కుర్చీ లాక్కుని కూర్చుని, తల వంచి ఎడమ బుగ్గను బల్లకు ఆనించింది. చల్లగా ఉంది. బుగ్గను నెమ్మదిగా ఆ మూల దాకా జరిపింది. ఎదుటి కుర్చీలోని మనిషి చదవడం ఆపి చూశాడు. ఒంట్లో బాగాలేదా అని గ్రంథపాలకుడు లేచి వచ్చాడు. బాగానే ఉందని ఆడపడుచు అతనికి సైగ చేసింది.

గరుకమ్మ తలెత్తింది.

"నాలుగు" అంది. "వరసగా నాలుగు. ఇంకా ఆరు కావాలి."

ఆడపడుచు తల ఊపింది. వస్తూ బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరూ ఎవరి ముఖాన్ని గురించీ ఏమీ అనలేదు.

మర్నాడు గరుకమ్మ యజమాని గదిలో నిలబడి, ఆ పది గీతల్లో ఆరు తప్పని, అవి గీసిన చేతికి స్పర్శ లేదని, అంతకుముందు నెలల్లో గీసినవాటిలో ఎన్ని తప్పో తనకే తెలియదని చెప్పింది. ఆ ఆరు బల్లల పైపలకలనూ సెలవు రోజుల్లో తెప్పించి మళ్ళీ రుద్దించాలని అడిగింది. గ్రంథాలయం వాళ్ళు ఒక్క మాట అనలేదని, అయిపోయినదాన్ని ఎందుకు తవ్వడమని, ఇంటి మనిషినే కిందికి దింపితే నలుగురూ ఏమనుకుంటారని యజమాని నచ్చచెప్పబోయాడు. ఆమె వింటూ నిలబడింది. అతడు చెప్పడం పూర్తయ్యాక, నా వేళ్ళు ఇప్పుడు రెండే పని చేస్తున్నాయి, ఆ రెంటితో చూడమంటే చూస్తాను, వద్దంటే మానేస్తాను అంది. యజమాని చాలాసేపు ఆమె అరచేతి మీది మచ్చను చూసి, చూడమన్నాడు.

సోమవారం ఆడపడుచు మడిచిపెట్టిన గుడ్డను మళ్ళీ విప్పి ముక్కుకు కట్టుకుని రుద్దుడు గదిలో కూర్చుంది. కారణం అడిగినవారికి, అక్కడ కిటికీలు ఎక్కువ, నిద్రొస్తోంది అని చెప్పింది. గురువారానికి దగ్గు తిరిగి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక పలక పూర్తి చేసి, తానే మోసుకొచ్చి గరుకమ్మ ముందు పెట్టింది. ఆమె కుడి బుగ్గ మీద చెక్కపొడి అంటి ఉంది.

గదిలో గరుకు కాగితాల చప్పుడు ఆగింది.

గరుకమ్మ కళ్ళు మూసుకుంది. నడిమి వేలిని ఎత్తి, చారల వెంట వెళ్ళింది. అడ్డంగా వచ్చింది. ఎడమ అంచుకు జానెడు ఇవతల చూపుడు వేలు ఆగింది. ముందుకు వెళ్ళి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి అనుమానం లేదు. వంగి బుగ్గ ఆనించి చూసింది. ఉంది. వడ్ల గింజలో సగం కూడా ఉండదు, కానీ ఉంది.

ఆమె సుద్ద తీసి సున్నా చుట్టింది. చేతిలో పట్టు ఇంకా పూర్తిగా రాలేదు కనుక సున్నా కొంచెం వంకరగా వచ్చింది. నాలుగు పోయి లెక్క మొదటికి వచ్చింది.

ఆడపడుచు పలక మీదికి వంగి, ఇంకేమైనా గుర్తులున్నాయేమోనని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఒక్కటేనా వదినా?"

"ఒక్కటే."

ఆడపడుచు పలకను భుజానికి ఎత్తుకుని తన చోటికి వెళ్ళింది. గరుకమ్మ వేళ్ళకు అంటిన సుద్దను కొంగుకు తుడుచుకుని, తరువాతి పలక పెట్టమంది.